ఏఎఫ్‌పీ 6 నుంచి 9కి పెరిగింది, క్యాన్సర్ తిరగబెడుతోందా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. లివర్‌లో కుడివైపు నాలుగున్నర సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ ఉంటే ఐదు నెలల క్రితం ఆపరేషన్ చేసి తీసేశారు. ఆయనకు హెపటైటిస్-బి ఉన్న సంగతి కూడా అప్పుడే బయటపడింది. సిర్రోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) తొలి దశలో ఉందన్నారు. ఆపరేషన్‌కి ముందు ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్షలో 640 ఉంది. నెల తర్వాత 38, మూడో నెలలో 6 వచ్చింది. మొన్న ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే 9 వచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. బయాప్సీ రిపోర్టులో ‘మైక్రోవాస్కులర్ ఇన్వేజన్ ఉంది’ అని రాశారు. అయినా డాక్టర్‌గారు క్యాన్సర్ మందులేమీ ఇవ్వలేదు, టైముకి చెకప్‌లకి రమ్మన్నారు, అంతే. రక్తంలో క్యాన్సర్ డీఎన్‌ఏ చూసి జబ్బు మళ్లీ వస్తుందో రాదో ముందే చెప్పే పరీక్ష ఉందని బంధువులు అంటున్నారు. చేయించాలా? ఏఎఫ్‌పీ పదిహేను రోజులకోసారి చూసుకుంటే మంచిదా? నాన్నగారికి మాత్రం 9 అని చెప్పలేదు, 5 వచ్చిందని అబద్ధం చెప్పాం. – ఒక కూతురు

సమాధానం: అమ్మా, ముందు మీ నిద్ర పాడుచేసిన ఆ 9 సంగతి తేల్చుకుందాం. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఏ కొలమానం ఉందో చూడండి. కొన్ని ల్యాబ్‌లు ఏఎఫ్‌పీని మిల్లీలీటరుకి ఇన్ని నానోగ్రాములని ఇస్తాయి, కొన్ని ఇంటర్నేషనల్ యూనిట్లలో ఇస్తాయి. ఒక ఇంటర్నేషనల్ యూనిట్ అంటే సుమారు 1.2 నానోగ్రాములు. మూడో నెలలో వచ్చిన 6 యూనిట్లలో ఉంటే, నానోగ్రాముల్లో అది 7కి కాస్త పైన ఉన్నట్టు. అప్పుడు మీరు భయపడుతున్న పెరుగుదల 7 నుంచి 9కి, అంతే. రెండు రిపోర్టుల్లోనూ నానోగ్రాములే ఉన్నా కంగారు పడాల్సింది లేదు. వేర్వేరు కంపెనీల మెషీన్లు ఒకే రక్తానికి కాస్త అటూఇటుగా చూపిస్తాయి. పైగా చాలా ల్యాబ్‌లలో 10 లోపు ఉంటే నార్మల్ కిందే లెక్క. కాబట్టి మీరు చెప్పిన ఈ రెండు అంకెల్ని బట్టి క్యాన్సర్ తిరగబెడుతోందని ఎవరూ అనలేరు.

ఇక మీద ఒకే ల్యాబ్‌లో చేయించండి. మీ నాన్నగారి విషయంలో ఇది చాలా ముఖ్యం. ఎందుకో చెబుతాను.

ఏఎఫ్‌పీ, అంటే ఆల్ఫా ఫీటోప్రోటీన్, తల్లి కడుపులో ఉన్న బిడ్డ లివర్‌లో తయారయ్యే ప్రోటీన్. పుట్టాక ఏడాది తిరిగేలోపు దాదాపు మాయమైపోతుంది. లివర్ క్యాన్సర్ కణాలు మళ్లీ దాన్ని తయారు చేయగలవని 1960ల్లో సోవియట్ శాస్త్రవేత్తలు, ముందు ఎలుకల్లోనూ తర్వాత మనుషుల్లోనూ కనిపెట్టారు. అయితే అన్ని లివర్ క్యాన్సర్లూ దీన్ని తయారు చెయ్యవు. సుమారు మూడో వంతు మందిలో గడ్డ ఉన్నా ఏఎఫ్‌పీ నార్మల్‌గానే ఉంటుంది. అలాంటివాళ్లకి ఆపరేషన్ తర్వాత ఈ పరీక్ష పెద్దగా ఉపయోగపడదు. మీ నాన్నగారికి మాత్రం 640 ఉంది, గడ్డ తీసేశాక పడిపోయింది. అంటే ఆయన గడ్డ ఏఎఫ్‌పీ తయారుచేసే రకం. ఒకవేళ అది తిరగబెడితే ఏఎఫ్‌పీ మళ్లీ పెరగడానికి బాగా అవకాశం ఉంది. అందుకే ఆయనకి ఈ పరీక్ష పనికొస్తుంది, అందుకే దాన్ని సక్రమంగా చేయించుకోవాలి.

640 నుంచి 6 వరకు ఎలా దిగిందో కూడా చూద్దాం. ఆ దిగుడులోనే ఒక సమాచారం ఉంది. గడ్డ పూర్తిగా పోయాక రక్తంలో మిగిలిన ఏఎఫ్‌పీ దాదాపు అయిదు నుంచి ఏడు రోజులకోసారి సగమవుతూ వస్తుంది. 640, వారం తిరిగేసరికి 320, తర్వాత 160, ఆపైన 80, 40. అలా నెలకి 10 నుంచి 35 మధ్యకి రావాలి. మీకు 38 వచ్చింది. మిగిలిన లివర్ పెరిగేటప్పుడు అదీ కొంచెం ఏఎఫ్‌పీ వదులుతుంది. పైగా మీరు చెప్పిన 640 ఆపరేషన్‌కి ఎన్ని రోజుల ముందుదో, ఆ లోపు ఇంకా పెరిగిందేమో కూడా చూడాలి. ఇవన్నీ కలుపుకుంటే 38 అనేది అనుకున్నదానికి చాలా దగ్గర. మూడో నెలకి నార్మల్‌కి దిగడం నిజంగా మంచి కబురు. దిగకుండా ఏ 100 దగ్గరో ఆగిపోయి ఉంటే, ఎక్కడో ఏదో మిగిలిందని అనుమానించి వెంటనే వెతకాల్సి వచ్చేది. ఆపరేషన్ తర్వాత ఏఎఫ్‌పీ పూర్తిగా దిగినవాళ్లకీ దిగనివాళ్లకీ ముందుముందు చాలా తేడా ఉంటుంది. ఆ మొదటి గండం మీ నాన్నగారు దాటారు.

మరి ఎప్పుడు కంగారు పడాలి? ఒకే ల్యాబ్‌లో వరసగా రెండు మూడుసార్లు పెరుగుతూ పోతే. 9, తర్వాత 20, ఆ తర్వాత 45 అలా. అప్పుడు తర్వాతి చెకప్ దాకా ఆగకుండా వెంటనే స్కాన్ చేయించాలి. అయితే అప్పుడు కూడా లివర్ వాపుని చూపే ఎస్‌జీపీటీ రక్తపరీక్షతో పోల్చి చూడాలి. హెపటైటిస్-బి మళ్లీ రేగి లివర్ వాస్తే క్యాన్సర్ లేకుండానే ఏఎఫ్‌పీ పెరుగుతుంది. నాన్నగారు వైరస్ మాత్రలు కొన్ని రోజులు మానేశారేమో కనుక్కోండి, చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. ఎస్‌జీపీటీ మామూలుగా ఉండి, లివర్ స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా ఏఎఫ్‌పీ ఎక్కుతూనే ఉంటే ఊపిరితిత్తులు, ఎముకలు, కిడ్నీల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులు కూడా చూడమని అడగాలి.

ఇంకో చిన్న విషయం. జుట్టు కోసం, గోళ్ల కోసం అని బయోటిన్ ఎక్కువ డోసులో వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్ని రకాల మెషీన్లలో అది ఇలాంటి పరీక్షల్ని తప్పుదారి పట్టిస్తుంది. నాన్నగారు ఏవైనా సప్లిమెంట్లు వేసుకుంటుంటే రక్తం ఇచ్చేముందే ల్యాబ్‌లో చెప్పండి.

పదిహేను రోజులకోసారి వద్దు. మొదటి రెండేళ్లూ మూడు నుంచి ఆరు నెలలకోసారి స్కాన్, దాంతోపాటే ఏఎఫ్‌పీ, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. చాలా దేశాల్లో ఇంచుమించు ఇదే పద్ధతి. మీ నాన్నగారి రిపోర్టులో ఉన్న మైక్రోవాస్కులర్ ఇన్వేజన్ వల్ల డాక్టర్లు మూడు నెలలకే మొగ్గు చూపుతారు, అది సబబే. అంతకన్నా తరచుగా చేయిస్తే చేతికొచ్చేది 7, 9, 8, 10 లాంటి ఊగిసలాట, దాంతో ఇంటిల్లిపాదికీ టెన్షన్. అసలు పెరుగుదలని అది కాస్త ముందు పట్టిస్తుందన్న భరోసా కూడా లేదు. ఒకటి మాత్రం ఖాయంగా గుర్తుపెట్టుకోండి. ఏఎఫ్‌పీ నార్మల్‌గా ఉంది కదా అని స్కాన్ వాయిదా వెయ్యకూడదు. ముందు ఏఎఫ్‌పీ ఎక్కువగా ఉన్నవాళ్లలో కూడా కొందరికి రెండోసారి గడ్డ ఏఎఫ్‌పీ పెరక్కుండానే వస్తుంది.

ఇక బయాప్సీ రిపోర్టు. నన్నడిగితే, మీ చేతిలో ఉన్న కాగితాలన్నిటిలోకీ విలువైనది అదే. రక్తపరీక్షలన్నీ బయటినుంచి ఊహించేవి. తీసిన గడ్డని ముక్కలు చేసి మైక్రోస్కోప్ కింద చూసి రాసినది మాత్రం ఆ రిపోర్టు. మైక్రోవాస్కులర్ ఇన్వేజన్ అంటే గడ్డ చుట్టుపక్కల ఉన్న సన్నటి రక్తనాళాల్లో క్యాన్సర్ కణాలు కనిపించాయని. స్కాన్‌లో పెద్ద రక్తనాళం మూసుకుపోయినట్టు కనిపించే రకం వేరు, అది దీనికంటే తీవ్రమైనది. ఇది స్కాన్‌కి అందదు, గడ్డ తీశాకే ఖాయంగా తెలుస్తుంది. ఇది ఉంటే తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. ఆ మాట దాచను. కానీ ‘ఉంది’ అన్న ఒక్క ముక్కతో ఆగకండి. ఎన్ని నాళాల్లో కనిపించింది, గడ్డ అంచుకి ఎంత దూరంలో అన్నది రిపోర్టులో ఉందేమో డాక్టర్‌గారిని అడగండి. గడ్డని ఆనుకుని ఒకటి రెండు నాళాల్లో కనిపించడం వేరు, దూరంగా చాలా చోట్ల కనిపించడం వేరు. అదే రిపోర్టులో కోసిన అంచు శుభ్రంగా ఉందా, పక్కన పిల్ల గడ్డలు ఉన్నాయా, కణాల గ్రేడ్ ఎంత అనేవి కూడా ఉంటాయి. గడ్డ ఒక్కటే, అయిదు సెంటీమీటర్ల లోపు. అది మీ నాన్నగారికి కలిసొచ్చే అంశం.

ఇలాంటివన్నీ కలిపి లెక్కకట్టే పద్ధతులున్నాయి. ఎరాజిల్ (ERASL) అనే పద్ధతి ఆపరేషన్ తర్వాత మొదటి రెండేళ్లలో తిరగబెట్టే అవకాశాన్ని అంచనా వేస్తుంది. ఆడా మగా, గడ్డ సైజు, ఎన్ని గడ్డలు, ఏఎఫ్‌పీ, మైక్రోవాస్కులర్ ఇన్వేజన్, లివర్ సత్తువ, వీటిని కలిపి రోగిని తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ప్రమాదం అనే మూడు వర్గాల్లో ఒకదానిలో పెడుతుంది. మీ డాక్టర్‌గారు బహుశా మనసులో ఇదే లెక్క వేసి ఎప్పుడెప్పుడు రావాలో చెప్పి ఉంటారు. నాన్నగారు ఏ వర్గంలోకి వస్తారని మీరు సూటిగా అడగొచ్చు. కాకపోతే ఆ జవాబు నాన్నగారిలాంటి వందమందికి సంబంధించినది. వందలో ఇంతమందికి అని చెప్పగలరు గానీ, ఆ వందలో మీ నాన్నగారు ఎటువైపు ఉంటారో ఏ బయోమార్కరూ (జబ్బు జాడ చూపే ఏ పరీక్షా) చెప్పలేదు. ఈ అంకెల పని ఆయన్ని ఎంత దగ్గరగా, ఎంత కాలం కనిపెట్టుకుని ఉండాలో చెప్పడం.

బంధువులు చెప్పిన డీఎన్‌ఏ పరీక్ష ఉన్నమాట నిజమే. క్యాన్సర్ కణాలు చచ్చినప్పుడు వాటి డీఎన్‌ఏ తునకలు రక్తంలో కలుస్తాయి, వాటిని పట్టుకోవచ్చు. ఆపరేషన్ తర్వాత కూడా అవి కనిపిస్తూ ఉంటే తిరగబెట్టే అవకాశం ఎక్కువని పరిశోధనల్లో తేలుతోంది. దీని మీద నాకు చాలా ఆశ ఉంది. కానీ మీ నాన్నగారికి ఇవాళ చేయించమని మాత్రం చెప్పను. ఆ ఫలితం ఏదొచ్చినా ఆయన చికిత్స మారదు. పాజిటివ్ వస్తే ఇవ్వడానికి, ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని రుజువైన మందు లేదు. నెగటివ్ వచ్చినా స్కాన్లు మానడానికి లేదు, ఎందుకంటే చిన్న గడ్డ వదిలే తునకలు పరీక్షకి అందనంత తక్కువ ఉండొచ్చు. ఎక్కడైనా పరిశోధనలో భాగంగా, మీ డాక్టర్‌గారి సలహాతో చేరే అవకాశం వస్తే అది వేరు. అప్పుడు నిరభ్యంతరంగా ఆలోచించండి. ఏ కొత్త పరీక్ష ఎవరు చెప్పినా ఒక్కటే అడగండి: ‘దీని ఫలితాన్ని బట్టి మీరు ఏం మారుస్తారు?’ జవాబు స్పష్టంగా లేకపోతే ఆ రక్తం తీయించక్కర్లేదు.

పివ్కా-2 అనే ఇంకో రక్తపరీక్ష ఉంది, అది మాత్రం వేరే సంగతి. అది పాత పరీక్షే. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్రోత్రాంబిన్ అనే ప్రోటీన్, విటమిన్-కె సరిగ్గా అందక సగంలో ఆగిపోతే అదే పివ్కా-2. లివర్ క్యాన్సర్ కణాలు దాన్ని ఎక్కువగా వదులుతాయి. జపాన్‌లో ఏఎఫ్‌పీతో పాటు దీన్నీ, ఏఎఫ్‌పీలోనే ఒక రకమైన ఏఎఫ్‌పీ-ఎల్3నీ ఏళ్ల తరబడి వాడుతున్నారు. ఏఎఫ్‌పీ పట్టుకోలేని కొన్ని గడ్డల్ని ఇది పట్టుకుంటుంది. ఆపరేషన్‌కి ముందు నాన్నగారికి చేశారేమో పాత ఫైల్లో వెతకండి. అప్పుడు ఎక్కువ ఉండుంటే ఏఎఫ్‌పీతో పాటు దీన్ని కూడా చూడమని డాక్టర్‌గారిని అడగడం మంచిదే. అప్పుడు నార్మల్ అయితే ఇప్పుడు దాని ఉపయోగం తక్కువ. వార్‌ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడేవాళ్లకి, కామెర్లున్నవాళ్లకి ఇది క్యాన్సర్ లేకుండానే పెరుగుతుంది. మామూలు రక్తపరీక్షలోని తెల్లకణాల నిష్పత్తిని బట్టి కూడా అంచనాలు వేస్తారు గానీ, చిన్న జ్వరానికే అది మారిపోతుంది. ఇంట్లో కూర్చుని ఆ లెక్కలు వేయకండి.

‘మందులేమీ ఇవ్వలేదేంటి’ అన్న మీ బాధ నాకు అర్థమైంది. ఏదో ఒకటి చేయకుండా ఊరికే కూర్చున్నట్టు అనిపిస్తుంది. నిజానికి దీని మీద పెద్ద ప్రయత్నాలే జరిగాయి. సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మాత్రని ఆపరేషన్ తర్వాత ఇచ్చి చూసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. తిరగబెట్టడాన్ని అది ఆపలేకపోయింది, సైడ్ ఎఫెక్టులు మాత్రం మిగిలాయి. తర్వాత మీ నాన్నగారిలాంటి, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకే అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ ఇంజెక్షన్లు ఇచ్చి చూశారు. 2023లో తొలి ఫలితాలు చూసి అందరం సంతోషించాం. ఇంకొంత కాలం గమనించాక ఆ లాభం నిలబడలేదు. కాబట్టి మీ డాక్టర్‌గారు నిర్లక్ష్యం చేయడం లేదు. లాభం రుజువు కాని మందుతో ఆయన్ని ఇబ్బంది పెట్టకుండా ఉన్నారు.

కానీ మందు లేదన్నది క్యాన్సర్ మందు మాటే. అసలు వేయాల్సిన మందు ఇంకొకటుంది, దాన్ని మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, అదే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. హెపటైటిస్-బి మాత్ర సంగతి.

లివర్ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత అయిదేళ్లలో సగానికి పైగా మందికి, కొన్ని లెక్కల్లో 70 శాతం దాకా, జబ్బు మళ్లీ కనిపిస్తుంది. ఇది వినడానికి కష్టమైన అంకె. కానీ అందులో రెండు రకాలున్నాయి. మొదటి రెండేళ్లలో వచ్చేవి చాలావరకు పాత గడ్డ నుంచి అప్పటికే జారిపోయిన కణాలవి. ఏఎఫ్‌పీ, మైక్రోవాస్కులర్ ఇన్వేజన్ చెప్పేది ముఖ్యంగా వీటి గురించే. రెండేళ్లు దాటాక వచ్చేవి ఎక్కువగా సరికొత్త గడ్డలు, జబ్బుపడిన ఆ లివర్‌లోనే కొత్తగా మొలిచేవి. పొలంలో కలుపు పీకేసినా ఆ నేలలో దాగిన గింజలు మళ్లీ మొలకెత్తినట్టు. మొదటి రకం మీద మన ప్రభావం తక్కువ. రెండో రకం మీద మాత్రం చాలానే ఉంది. ఎంటెకావిర్, టెనోఫోవిర్ లాంటి మాత్రలు వైరస్‌ని అణచి ఉంచితే తిరగబెట్టడం తగ్గుతుంది, లివర్ సత్తువ నిలబడుతుంది. నాన్నగారు ఈ మాత్ర వేసుకుంటున్నారా, రోజూ తప్పకుండా వేసుకుంటున్నారా, ఆపరేషన్ తర్వాత వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్నది) చూశారా? ఈ మూడూ ఈ వారంలోనే కనుక్కోండి. డీఎన్‌ఏ పరీక్ష కోసం పడదామనుకున్న శ్రమ ఇక్కడ పెట్టండి. ‘రిపోర్టు బాగుంది కదా’ అని సొంతంగా ఆ మాత్ర ఆపితే వైరస్ ఒక్కసారిగా రేగి ప్రాణం మీదికి తేవచ్చు.

లివర్ సత్తువని చూపే అంకెలు కూడా మీ ఫైల్లోనే ఉన్నాయి, ఎవరూ పట్టించుకోరు. అల్బుమిన్, బిలిరుబిన్. ఈ రెండిటితోనే ఆల్బీ అనే గ్రేడ్ కడతారు, మొదటి గ్రేడ్ అంటే బాగున్నట్టు. ప్లేట్‌లెట్లు తక్కువుంటే సిర్రోసిస్ ముదురుతోందేమో, లివర్‌కి వెళ్లే రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిందేమో చూడాలి. ఇవి ఎందుకంటే, రేపు ఎప్పుడైనా రెండు సెంటీమీటర్ల గడ్డ కనిపిస్తే వేడితో కాల్చేసే ఎబ్లేషనో, మళ్లీ ఆపరేషనో, లివర్ మార్పిడో చేయడానికి అవకాశం ఉంటుంది. వాటిలో ఏది కుదురుతుందన్నది అప్పటికి లివర్ ఎంత బాగుందన్నదాన్ని బట్టే ఉంటుంది. తిరగబెట్టినా చిన్నగా ఉండగా దొరికితే మళ్లీ నయం చేసే ప్రయత్నం చేయొచ్చు. మూడు నెలల చెకప్‌లకున్న అర్థం అదే. మద్యం అలవాటుంటే పూర్తిగా మానాలి, షుగర్ ఉంటే అదుపులో పెట్టాలి. ఇవి మీకు చెప్పే ఉంటారు.

నాన్నగారికి చెప్పిన అబద్ధం గురించి. మీరు ప్రేమతోనే చెప్పారు, అందులో సందేహం లేదు. కానీ ఆ 5ని సరిదిద్దండి. వచ్చేసారి 8 వస్తే, ఆయన లెక్క ప్రకారం అది 5 నుంచి 8కి పెరిగినట్టు. నిజంగా తగ్గినప్పుడు కూడా ఆయన భయపడాల్సి వస్తుంది. ఇంకో అబద్ధం అవసరమవుతుంది. డాక్టర్ దగ్గర రిపోర్టు తెరవగానే అది బయటపడుతుంది, ఆ తర్వాత మీరు ‘అంతా బాగుంది నాన్నా’ అన్నా ఆయన నమ్మరు. రెండు రిపోర్టులూ ఆయన ముందు పెట్టి, ‘నాన్నా, మేం భయపడి 5 అని చెప్పాం, వచ్చింది 9, 10 లోపు నార్మలే, ల్యాబ్ మారింది’ అని చెప్పేయండి. ఆయన ఇంకేమీ అడగకపోతే అక్కడితో ఆపండి. శాతాలూ గ్రేడులూ అడిగితే చెప్పండి, అడక్కుండా కుమ్మరించకండి. ప్రతి రిపోర్టూ చదివే బాధ్యత ఇంట్లో ఎవరో ఒకరు తీసుకుని, తేదీ, ల్యాబ్ పేరు, ఏఎఫ్‌పీ, ఎస్‌జీపీటీ, అల్బుమిన్, బిలిరుబిన్, ప్లేట్‌లెట్లు ఒకే కాగితం మీద వరసగా రాసిపెట్టండి. డాక్టర్‌గారు అయిదు నిమిషాల్లో ఫైలంతా తిరగేసేకన్నా ఆ ఒక్క కాగితం ఎక్కువ చెబుతుంది.

చివరగా మీ గురించి. అమ్మగారూ, మీరూ, మీ తోబుట్టువులూ హెపటైటిస్-బి పరీక్ష చేయించుకున్నారా? కలిసి భోంచేస్తేనో, పక్కన కూర్చుంటేనో ఇది అంటదు. కానీ రక్తం ద్వారా, భార్యాభర్తల మధ్య, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. నాన్నగారికి చిన్నప్పుడే వచ్చి ఉంటే ఆయన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూడా పరీక్ష చేయించుకోవాలి. వైరస్ లేదని, ఇదివరకు రక్షణ కూడా రాలేదని తేలినవాళ్లు టీకా వేయించుకోండి. మామూలుగా మూడు డోసులు: మొదటిది, నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. పాజిటివ్ వచ్చినవాళ్లకి ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోయినా సరే, ఇప్పుడే లివర్ డాక్టర్‌ని కలవాలి. కుటుంబంలో లివర్ క్యాన్సర్ ఉంది కాబట్టి మందు మొదలుపెట్టాలా, ఆరు నెలలకోసారి స్కాన్ ఎప్పటినుంచి చేయించాలి అన్నది ఆయనే చెబుతారు.